వేగానికి విశ్రాంతి: పాత కారులో ఓవర్‌డ్రైవ్ గేరుపెట్టె

కర్నూలు నుండి కడపకు పోయే రాజబాట సుమారు 200 కిలోమీటర్లు ఉంటుంది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా సాగే ఈ దారి నేడు 40వ జాతీయ రహదారిలో భాగం. తూర్పున నల్లమల కొండలు దూరంగా వరుసతీరి కనబడతవి. ఇవతల కుందూనది పరీవాహమంతా నల్లరేగడి. ఎత్తుపల్లాలు తక్కువైన మైదానం. పందొమ్మిదవ శతాబ్దిలో సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి తీసిన కర్నూలు-కడప కాలువ కూడ ఈ పల్లపు నేలను చూచుకొనే కడప దాకా నడిచినది. నీటికి నచ్చిన దారి మోటారుబండికి కూడ నచ్చుతుంది. అయితే అదే రహదారి మీద కడప దాటి రాయచోటి వైపు సాగితే ఈ సుఖం ముగుస్తుంది. గువ్వలచెరువు ఘాటు ఎదురవుతుంది. అక్కడ మలుపు వెంట మలుపు, ఎక్కుడు వెంట ఎక్కుడు.

ఒకే బండి ఈ రెండు తావులలోను నడవవలెను. మైదానంలో దానికి కావలసినది వేగం. కొండ మీద కావలసినది బలం. ఇంజను మాత్రం ఒక్కటే. అది పుట్టించే శక్తిని తావును బట్టి ఒకచోట వేగంగాను, ఒకచోట బలంగాను మార్చి చక్రాలకు అందించే సాధనమే గేరుపెట్టె. ఈ మార్పిడి విద్యలో ఇటీవలి మెట్టు ఓవర్‌డ్రైవ్ గల స్వయంచాలక గేరుపెట్టె. ఆ మెట్టు లేని కాలంలో పుట్టిన పాతకారులకు దానిని అమర్చడం ఇప్పుడు అనేక దేశాలలో ఒక శాస్త్రీయ వ్యాసంగంగా పెరిగినది. ఆ పని ఎట్లు జరుగుతుంది, ఎక్కడ చెడుతుంది, ఎక్కడ ఆగవలెను అనే సంగతులు విద్యార్థులకు యంత్రశాస్త్రంలోని ఒక మంచి పాఠంగా ఉపయోగపడతవి.

మార్పిడి సూత్రం మన ఇండ్లకు కొత్తది కాదు. బురదలో దిగబడిన బండిచక్రాన్ని గడ్డపారతో ఎత్తేటప్పుడు మనిషి చేయి మూరెడు కదిలితే చక్రం బెత్తెడు లేస్తుంది. చేయి నడిచిన దూరం ఎక్కువ, చక్రం లేచినది తక్కువ; పోయిన దూరానికి బదులుగా బలం వచ్చినది. రాట్నంలో ఇందుకు తలక్రిందులు. పెద్దచక్రం ఒక్కసారి తిరిగితే కదురు అనేకసార్లు తిరుగుతుంది. కాని తిరిగే కదురును చిటికెనవ్రేలితో ఆపవచ్చును. అంత వేగం వచ్చినది గనుక అంత బలం పోయినది. ఎమ్మిగనూరులోను, ప్రొద్దుటూరులోను నేతగాండ్ర ఇండ్లలో పెరిగిన పిల్లలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. గడ్డపార ఘాటులో వాడే మొదటి గేరు వంటిది. రాట్నం ఓవర్‌డ్రైవ్ వంటిది. బలమూ వేగమూ రెండూ ఒక్కసారే పెరిగే యంత్రం లోకంలో లేదు.

కారులో ఈ లెక్క రెండుచోట్ల జరుగుతుంది. మొదటిది గేరుపెట్టెలో. రెండవది వెనుక ఇరుసు నడుమ ఉండే క్రౌన్, పినియన్ అనే పళ్లచక్రాల జంటలో. పాతకాలపు కారులలో చివరి గేరు సాధారణంగా సూటిగేరు. అంటే ఇంజను ఎన్నిమార్లు తిరిగితే గేరుపెట్టె నుండి వెలువడే కడ్డీ అన్నిమార్లే తిరుగుతుంది. ఆ తరువాత తగ్గింపు అంతా ఇరుసులోనే. ఒక ఉదాహరణ తీసుకొందము. చక్రం చుట్టుకొలత 2 మీటర్లు, ఇరుసు నిష్పత్తి 4 అనుకొనవలెను. కారు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతే నిమిషానికి 1,500 మీటర్లు నడుస్తుంది. చక్రం నిమిషానికి 750 మార్లు తిరుగుతుంది. ఇంజను అందుకు నాలుగింతలు, అనగా 3,000 మార్లు తిరుగవలెను. కర్నూలు నుండి కడప చేరే సరికి చక్రం లక్షమార్లు, ఇంజను నాలుగు లక్షలమార్లు తిరిగినట్లు అవుతుంది.

గేరుపెట్టెలో 0.70 నిష్పత్తిగల మరొక మెట్టు ఉన్నదనుకొందము. అదే 90 కిలోమీటర్ల వేగంలో ఇంజను 3,000కు బదులు 2,100 మార్లు తిరిగితే చాలును. కడపకు చేరే సరికి 1,20,000 భ్రమణాలు మిగిలిపోతవి. ఇదియే ఓవర్‌డ్రైవ్: ఇంజను నడకకన్న వెలుపలి కడ్డీ నడకను ఎక్కువ చేసే గేరు. మోత తగ్గుతుంది, ముషలాలకు, బేరింగులకు అరుగుదల తగ్గుతుంది, పెట్రోలు ఖర్చు కొంత తగ్గుతుంది. భ్రమణాలు నూటికి ముప్పది తగ్గినవి గనుక పెట్రోలు కూడ నూటికి ముప్పది తగ్గునని విద్యార్థులు భ్రమపడరాదు. ఎదురుగాలిని చీల్చడానికి, చక్రాల రాపిడిని జయించడానికి కావలసిన శక్తి అంతే ఉంటుంది. తగ్గేది ఇంజను తనను తాను త్రిప్పుకొనడానికి, గాలిని లోనికి పీల్చుకొనడానికి పడే వృథాశ్రమ మాత్రమే.

ఈ మెట్టు మన దేశపు పాతకారులలో ఎందుకు కనబడదో చరిత్ర చెబుతుంది. జనరల్ మోటార్స్ కంపెనీ 1928లో బొంబాయిలో కారుల కూర్పు ప్రారంభించి 1954లో మూసివేసినది. షెవర్లే వంటి అమెరికా కారులు ఆ కాలంలో ఇక్కడి పట్టణాలకు కూడ వచ్చినవి. వాటిలో సామాన్యంగా ఉండేవి చేతితో మార్చే మూడు గేరులే. 1953 అక్టోబరు 1 నుండి 1956 అక్టోబరు 31 వరకు కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధానిగా ఉన్నది. ఆ రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మరుసటి ఏడు, 1957లో, హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ వెలువడినది. నాలుగు గేరుల ఆ కారు కలెక్టరు మొదలు బాడుగబండి డ్రైవరు వరకు అందరినీ మోసి, 2014లో ఉత్తరపాడా కర్మాగారం ఆగడంతో ముగిసినది. 1990ల తొలి ఏండ్లలో దానికి ఇసుజు వారి 1,817 సి.సి. ఇంజనుతో పాటు అయిదు గేరుల పెట్టె వచ్చినది. ఆ అయిదవ గేరు నిష్పత్తి ఒకటికి తక్కువ. అనగా అంబాసిడర్‌కు చేతితో వేసే ఓవర్‌డ్రైవ్ దక్కినది. తనంతట తాను గేరు మార్చుకొనే పెట్టెలు మాత్రం మన దారులమీద విరివిగా కనబడడానికి మరి రెండు దశాబ్దాలు పట్టినది.

స్వయంచాలక గేరుపెట్టె గుండెకాయ ఒక చిత్రమైన పళ్లచక్రాల కూర్పు. నడుమ ఒక చక్రం. దాని చుట్టును దానితో పళ్లు కలిపి తిరిగే మూడు నాలుగు చిన్నచక్రాలు. వాటినన్నింటిని ఆవరించి లోపలివైపు పళ్లున్న ఒక వలయం. నడిమి దానికి సూర్యచక్రమని, చుట్టు తిరిగే వాటికి గ్రహచక్రాలని పేరు. గ్రహచక్రాల ఇరుసులన్నిటిని ఒక పీఠం పట్టి ఉంచుతుంది. సూర్యుడు, పీఠం, వలయం అనే ఈ మూడింటిలో ఒకదానిని కదలకుండ బంధించి, ఒకదానిని ఇంజనుకు తగిలించి, మూడవదాని నుండి శక్తిని తీసుకొనవలెను. దేనిని బంధించినామనే దానిని బట్టి ఫలం మారుతుంది.

సూర్యచక్రానికి 30 పళ్లు, వలయానికి 70 పళ్లు ఉన్నవనుకొందము. వలయాన్ని బంధించి సూర్యచక్రాన్ని త్రిప్పితే, అది 100 మార్లు తిరిగిన మీదట పీఠం 30 మార్లు తిరుగుతుంది. బలమైన మొదటి గేరు సిద్ధమైనది. పీఠాన్ని బంధించి సూర్యచక్రాన్ని త్రిప్పితే వలయం వెనుకకు తిరుగుతుంది; రివర్సు గేరు వచ్చినది. ఏ రెండింటినయినా ఒకదానికొకటి బిగించివేస్తే మొత్తమంతా ఒక ముద్దగా తిరుగుతుంది, అది సూటిగేరు. ఇక సూర్యచక్రాన్ని బంధించి పీఠాన్ని త్రిప్పితే, పీఠం 70 మార్లు తిరిగేసరికి వలయం 100 మార్లు తిరుగుతుంది. ఇదియే పైన చెప్పిన 0.70 ఓవర్‌డ్రైవ్. ఒక్క పన్నును కూడ పక్కకు జరపకుండ, కేవలం పట్టడం, విడువడం చేతనే ఇన్ని గేరులు వచ్చినవి. అట్టపలకలు కత్తిరించి తరగతిలో ఈ బొమ్మను చేయించగల ఉపాధ్యాయునికి, పిల్లలకు నిష్పత్తుల పాఠం వేరే చెప్పే శ్రమ ఉండదు.

హెన్రీ ఫోర్డు 1908లో విడుదల చేసిన మోడల్ టీ కారులో ఇట్టి గ్రహచక్రాలే ఉండినవి. ముందుకు రెండు గేరులు, పట్టడం విడువడం డ్రైవరు కాలితో చేసే పని. అంతకు మూడేండ్లు ముందు, 1905లో, జర్మనీలో హెర్మన్ ఫాటింగర్ నూనె ప్రవాహం ద్వారా శక్తిని అందించే సాధనానికి పేటెంటు పొందినాడు. ఓడల కొరకు పుట్టిన ఆ ఆలోచన తరువాత కారులకు దక్కినది. ఈ రెండు ఆలోచనలను జతచేసి 1940 ఓల్డ్స్‌మొబిల్ కారులలో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ అనే నాలుగు గేరుల స్వయంచాలక పెట్టెను అమ్మకానికి పెట్టినది. రెండవ ప్రపంచయుద్ధంలో అదే పెట్టె అమెరికా తేలిక టాంకులలో పనిచేసినది. 1948లో బ్యూక్ కారులకు టార్కు కన్వర్టరు వచ్చినది. ఇది నూనెతో నిండిన ఒక గుండ్రని కుండ వంటిది. ఇంజను వైపు రెక్కలు నూనెను చిమ్ముతవి; ఆ నూనె ఎదుటి రెక్కలను త్రిప్పుతుంది. కారు నిలిచి ఉన్నపుడు ఇంజను ఆగిపోకుండ, కదిలేటపుడు కుదుపు లేకుండ కాపాడేది ఇదియే.

ఆ తరువాత పాతికేండ్లు అమెరికాలో పెట్రోలు చవుక. రెండు మూడు గేరుల స్వయంచాలక పెట్టెలతో పెద్దకారులు సుఖంగా నడిచినవి. 1973 చమురు సంక్షోభం ఆ సుఖాన్ని చెడగొట్టినది. పొదుపు కొరకు ఫోర్డు కంపెనీ 1980లో ఏవోడీ అనే నాలుగు గేరుల పెట్టెను, జనరల్ మోటార్స్ 1981లో 200-4ఆర్‌ను, 1982లో 700ఆర్4ను తెచ్చినవి. వీటి నాలుగవ గేరు ఓవర్‌డ్రైవ్. 700ఆర్4లో నిష్పత్తులు వరుసగా 3.06, 1.63, 1.00, 0.70. అంతకు ముందటి ప్రసిద్ధమైన మూడు గేరుల పెట్టెలో మొదటి గేరు 2.52 మాత్రమే. కొత్తపెట్టె ఎక్కడానికి అధిక బలాన్ని, పరుగుకు అధిక విశ్రాంతిని ఒకేసారి ఇచ్చినది. రెండు చివరలూ దూరం జరిగినవి. 1950, 1960 దశాబ్దాల కారులను ప్రేమించి నిలుపుకొన్నవారు ఈ పెట్టెలను తమ కారులకు అమర్చడం అప్పుడే మొదలైనది.

అమర్చడమంటే పాతది విప్పి కొత్తది బిగించడమని పైకి తోచును. నిజానికి ఇది వియ్యం వంటిది; రెండిండ్ల కొలతలు, అలవాట్లు పొసగవలెను. మొదట చూడవలసినది ఇరుసు నిష్పత్తి. వెనుక ఇరుసు 4 వద్ద ఉన్న కారుకు ఓవర్‌డ్రైవ్ వరం. అదే 2.73 ఇరుసు గల కారుకు ఓవర్‌డ్రైవ్ వేస్తే, 90 కిలోమీటర్ల వేగంలో ఇంజను 1,433 మార్లు మాత్రమే తిరుగుతుంది. అంత మందగతిలో పాత ఇంజను తన బలాన్ని చూపలేక మూలుగుతుంది. చిన్న ఎక్కుడు వచ్చినా పెట్టె మూడవ గేరుకు దిగి మరల నాలుగుకు ఎక్కి ఊగులాడుతుంది. అట్టివారు ముందు ఇరుసును మార్చుకొనవలెను, లేదా కోరిక మానుకొనవలెను. ఇంజను పరిమాణం కూడ చూడవలెను. ఈ అమెరికా పెట్టెలు అయిదారు లీటర్ల ఇంజనుల కొరకు పుట్టినవి. ఒకటిన్నర లీటరు తొలి అంబాసిడర్ ఇంజనుకు అంత పెట్టెను తగిలిస్తే, దానిలోని పంపును, నూనెను త్రిప్పడానికే శక్తి చాలవరకు ఖర్చవుతుంది. దానికి తగినది అయిదు గేరుల చేతిపెట్టె.

తరువాతివి కొలతలు. 700ఆర్4 పెట్టె పాతపెట్టె కన్న సుమారు 3 అంగుళాలు పొడుగు. కనుక వెనుకకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టును కుదించవలెను, పెట్టెను మోసే అడ్డుదూలాన్ని జరపవలెను. 200-4ఆర్ పెట్టె పాతదానితో సమానమైన పొడవుగలది. అందుచేత కోతలు తక్కువ. షాఫ్టు రెండు చివరల కోణాలు సరిపోకపోతే బండి వేగమందుకొనగానే వణకుతుంది. టార్కు కన్వర్టరును పెట్టెలోని పంపులోనికి పూర్తిగా కూర్చుండబెట్టకుండ ఇంజనుకు బిగిస్తే, ఇంజను ఇంకా మేలుకొనక మునుపే పంపు పగులుతుంది. ఇవి ఓపికతో, అంగుళపు బద్దతో తప్పించుకొనదగిన ప్రమాదాలు.

తప్పించుకొనడం కష్టమైన ప్రమాదం ఒక సన్నని తీగలో ఉన్నది. యాక్సిలరేటరు తొక్కినపుడు కార్బురేటరు తెరచుకొంటుంది గదా. ఆ తెరపు ఎంతయో గేరుపెట్టెకు తెలియజేసే తీగ అది. పాతకాలపు మూడు గేరుల పెట్టెలలో ఇటువంటి తీగ ఒకటి ఉండేది. కాలు పూర్తిగా అదిమినపుడు క్రింది గేరుకు దింపడం ఒక్కటే దాని పని. అది తెగినా పెట్టెకు చేటు లేదు. 700ఆర్4, 200-4ఆర్ పెట్టెలలోని తీగ చూడడానికి అటువంటిదే, కాని దాని అధికారం వేరు. పెట్టెలో పట్టడం, విడువడం చేసేవి నూనె ఒత్తిడి చేత బిగిసే క్లచ్ పలకలు. ఆ ఒత్తిడి ఎంత ఉండవలెనో ఈ తీగ నిర్ణయిస్తుంది. ఇంజను గట్టిగా లాగుతున్నపుడు ఒత్తిడి పెరగవలెను. లేకపోతే పలకలు పట్టు చాలక జారుతవి. జారితే రాపిడి, రాపిడితో వేడి, వేడితో పలకల మీది పూత మాడుట. తీగ వదులుగా ఉన్న పెట్టె కొద్ది మైళ్లలోనే పనికిరాకుండ పోగలదు.

ఇందులో ఒక మోసమున్నది. తీగ వదులైనపుడు గేరులు తొందరగాను, అతి మెత్తగాను మారుతవి. ఒక గేరు నుండి ఇంకొక గేరుకు మారినట్లే తెలియదు. కొత్తగా కొన్న యజమానికి అది వెన్నలో కత్తి దిగినట్లు హాయిగా తోచును. ఆ మెత్తదనం పలకలు జారుతున్న గుర్తు. సరిగా అమరిన పెట్టెలో గేరు మారినపుడు చిన్న బిగువు తెలియవలెను. కాలు ఎంత గట్టిగా అదిమితే మార్పు అంత ఆలస్యంగాను, అంత స్థిరంగాను జరుగవలెను. తీగ మరీ బిగువైతే తేలికపాటి నడకలో కూడ గేరులు ఆలస్యంగా, కుదుపుతో మారుతవి. అది అసౌకర్యమే కాని అంత త్వరగా పెట్టెను కాల్చదు. సుఖాన్ని మేలుగాను, బిగువును కీడుగాను ఎంచే మన సహజబుద్ధి ఇక్కడ తలక్రిందులైన తీర్పు చెబుతుంది. ఈ యంత్రం నేర్పే పాఠాలలో ఇదియే ముఖ్యమైనది.

తీగను సరిచేసే పద్ధతి చాల తేలిక. ఇంజను ఆపివేయవలెను. కార్బురేటరు వద్ద తీగ తొడుగుకు ఉన్న చిన్న మీటను నొక్కి, జారుడు ముక్కను వెనుకకు పూర్తిగా త్రోసి, మీటను విడువవలెను. పిమ్మట కార్బురేటరు పూర్తిగా తెరచుకొనే దాకా దాని చేతిని త్రిప్పితే జారుడుముక్క టకటకమని ముందుకు జరిగి తన తావున నిలుస్తుంది. కాలు పూర్తిగా అదిమిన స్థితిలో తీగ కూడ తన పూర్తి ప్రయాణం ముగించవలెననుట ఇందలి సూత్రం. చిక్కు పాతకారుతో వస్తుంది. ఈ తీగ 1980ల నాటి కార్బురేటరు చేయి పొడవును, కోణాన్ని లెక్కకట్టి చేసినది. పాతకారు మీది కార్బురేటరు చేయి పొట్టిదో పొడుగుదో అయితే, చివరి బిందువు సరిపోయినా నడిమి లెక్క తప్పుతుంది. సగం తొక్కినపుడు సగానికి తక్కువ సమాచారమే పెట్టెకు అందుతుంది. అందుకొరకు కొలత సరిచేసే ప్రత్యేకమైన బిగింపుముక్కలు దొరుకుతవి. అవి అమర్చిన మీదట కూడ కంటితో చూచి తృప్తిపడక, పెట్టెకు ఒత్తిడి కొలిచే గేజి తగిలించి సంఖ్యను చదువుకొన్న మెకానిక్కే పని తెలిసిన మేస్త్రీ.

నాలుగవ గేరులో టార్కు కన్వర్టరు లోపలి జారుడును ఆపి, ఇంజనును నేరుగా బిగించే ఏర్పాటు ఒకటి ఉన్నది. దానిని లాకప్ అంటారు. అది విద్యుత్తుతో పనిచేస్తుంది. పుట్టిననాటి కారులలో దాని ఆజ్ఞలు వేరే పరికరాల నుండి వచ్చేవి. పాతకారులో ఆ తీగల వలను మనమే అల్లవలెను. బ్రేకు తొక్కగానే లాకప్ విడిపోయేటట్లు స్విచ్చి ఉండితీరవలెను. లేనిచో బండి ఆగినపుడు ఇంజను కూడ ఆగుతుంది. లాకప్ అసలే కలపకపోతే కన్వర్టరులోని నూనె ఎడతెగక చిలుకబడి వేడెక్కుతుంది.

వేడి మాట రాయలసీమలో ప్రత్యేకంగా చెప్పుకొనవలెను. కర్నూలు, నంద్యాల, కడప పట్టణాలలో వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటడం వింత కాదు. గేరుపెట్టె నూనె సుమారు 80 డిగ్రీల వద్ద ఉంటే చాలకాలం మన్నుతుంది. ఆపైన ప్రతి 11 డిగ్రీలకు దాని ఆయువు సగం అవుతుందని మెకానిక్కుల అనుభవసూత్రం. చల్లని దేశంలో రేడియేటరు అడుగున ఉండే చల్లార్పుగొట్టం చాలును. ఈ సీమలో విడిగా ఇంకొక చల్లార్పుపెట్టెను గాలి తగిలేచోట అమర్చడం వివేకం. నూనె పరిమాణాన్ని ఇంజను నడుస్తుండగా, నూనె వేడెక్కిన పిదప చూడవలెను. ఎర్రగా తేటగా ఉండవలసిన నూనె గోధుమవన్నెకు మారి మాడువాసన కొట్టినదంటే లోపల పలకలు కాలుతున్నట్లే.

నడిపేవారికి కూడ ఒక హెచ్చరిక కలదు. ఓవర్‌డ్రైవ్ మైదానానికి పుట్టినది. గువ్వలచెరువు ఘాటులో దిగేటప్పుడు గేరుకర్రను నాలుగవ స్థానంలోనే విడిచిపెడితే ఇంజను బండిని వెనుకకు పట్టి లాగదు. భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు వరుసగా తొక్కబడి వేడెక్కితే పట్టు సడలుతుంది. పెట్రోలు కలిసివస్తుందని గేరు తీసివేసి దిగే దురలవాటు దీనికన్న ఘోరం. ఎక్కడానికి ఏ గేరు కావలెనో దిగడానికి ఆ గేరే కావలెనని వెనుకటి లారీ డ్రైవర్లు శిష్యులకు చెప్పే సూత్రం స్వయంచాలక పెట్టెకు కూడ వర్తిస్తుంది. యంత్రం తనంతట తాను గేరు మార్చగలదు. ముందు వచ్చే మలుపును చూడలేదు. రెండవ గేరుకో మొదటి గేరుకో చేతితో దింపవలసిన బాధ్యత మనిషిదే.

ఇంతకూ పాతకారుకు ఈ మార్పు చేయవచ్చునా అనే ప్రశ్న మిగిలి ఉన్నది. ఇది న్యాయానికి, ధర్మానికి కూడ సంబంధించినది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అదుపు చేస్తున్నది. కనుక పనిముట్లు చేపట్టక మునుపే రవాణా అధికారిని అడిగి తెలుసుకొనడం ఉచితం. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం ప్రాచీన వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించినది. 50 ఏండ్లు దాటి, మూలరూపంలో నిలిచి, చాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని గణనీయమైన మార్పు పొందని వాహనాలకే ఆ గుర్తింపు దక్కుతుంది. అట్లు నమోదైన బండి ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు రోడ్డెక్కవచ్చునే కాని నిత్యవినియోగానికి తిరుగరాదు. అనగా యజమాని ముందు రెండు త్రోవలున్నవి. కారును చరిత్రకు సాక్ష్యంగా నిలుపుకొనడం ఒకటి. దినదినము నడిపి దానిని బ్రతికించుకొనడం రెండవది.

రెండింటికీ గౌరవమున్నది. తాళపత్రాన్ని భద్రపరచే వానికి, అందలి కావ్యాన్ని పరిష్కరించి పదిమందికి చదివించే వానికి మధ్య తగవు లేనట్లే ఇక్కడ కూడ తగవు ఉండనక్కరలేదు. కాని పరిష్కర్త మూలప్రతిని చింపరాదు. చాసిస్‌ను కోసిన కోత మానదు. బోల్టులతో బిగించిన అడ్డుదూలాన్ని విప్పి మరల పూర్వపుదానిని పెట్టవచ్చును. తెలిసినవారు కోత అవసరం లేని పెట్టెను ఎంచుకొంటారు. విప్పిన పాతపెట్టెకు గ్రీజు పూసి, గుడ్డ చుట్టి, ప్రతి బోల్టుకు చీటీ కట్టి ఇంటనే ఉంచుతారు. రేపు ఆ కారు ఇంకొకరి చేతికి పోయినా అది ఏ రూపంలో పుట్టినదో ఆ రూపానికి తిరిగి రాగలదు.

రాయలసీమలోనే పెనుకొండ వద్ద కియా కర్మాగారం నుండి 2019 మొదలు కారులు వెలువడుతున్నవి. వాటిలో స్వయంచాలక గేరుపెట్టెలున్న రకాలు మొదటి ఏటి నుండే ఉన్నవి. వాటికి తీగను సరిచేసే పని లేదు. కాలి ఒత్తిడిని విద్యుత్ సంకేతాలు చెబుతవి, కంప్యూటరు గేరు నిర్ణయిస్తుంది. అయినప్పటికి ఘాటు ఎక్కేటపుడు బలం, మైదానంలో వేగం అనే మార్పిడి లెక్క మారలేదు. ఆ పెట్టె మూతల క్రింద ఏమి జరుగుతున్నదో నేటి విద్యార్థికి కనబడదు. పాతకారు షెడ్డులో అది కంటికి కనబడుతుంది, చేతికి తగులుతుంది. కడపలోనో కర్నూలులోనో పనితెలిసిన మేస్త్రీ అనుమతితో ఒక తరగతి పిల్లలు అరగంట విప్పిన గేరుపెట్టె ముందు నిలిచి, పళ్లు లెక్కించి, నిష్పత్తి తామే కట్టి చూడగలిగితే, ఆ పాఠానికి వేరే పరీక్ష పెట్టనక్కరలేదు.